లాన్‌లో మొలిచిన కొర్ర

ఎడ్లను సంతలో అమ్మేశాక మాకు మిగిలిన ఆస్తి పెంటదిబ్బ ఒక్కటే. నవ్వితే నవ్వండి, నిజం అదే. రెండేళ్లుగా వాన లేదు. తడి లేని చేనుకు ఎరువు తోలితే మొలక మాడిపోతుంది కాబట్టి దిబ్బ అట్లాగే ఉండిపోయింది. మా అత్త పొయ్యిలో బూడిద, కళ్లంలో మిగిలిన కొర్ర పొల్లు, ఇల్లూడ్చిన చెత్త అంతా దానిమీదే పోసేది. వాన పడగానే ఆ ఎరువు తోలి, ఎవరి ఎడ్లనైనా అడిగి తెచ్చుకుని, మళ్లీ కొర్ర విత్తాలని ఆమె ఆశ.

అప్పటికే మా ఆయన గుంతకల్లులో ఒక రైల్వే ఆఫీసరు బంగళాలో మాలీ పనికి కుదిరాడు. నేనూ వెంట వెళ్లాను. బంగళా ముందు లాన్ పెంచాలని దొరసాని పట్టు. అదంతా గరుసు నేల, గడ్డపార వేస్తే ఖంగుమనేది. గరిక నాటితే నాటినట్టే ఎండిపోయింది. మా ఊళ్లో ఆడవాళ్లు బావి అడుగుకు దిగి చెంబుతో నీళ్లు తోడుకుంటుంటే, ఇక్కడ గడ్డికి ట్యాంకు నీళ్లు పెట్టడం చూసి నాకు ఒళ్లు మండేది.

"పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చేసరికి ఇదంతా పచ్చగా ఉంటే నీ పని పర్మనెంటు చేయిస్తానయ్యా. లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం" అంది దొరసాని.

ఆ నేలకు బాగా మాగిన ఎరువు కావాలి. టౌనులో పేడంతా పిడకలకే పోతుండేది. చివరికి మా ఆయన బంగళావాళ్ల బండి తీసుకుని మా దిబ్బ ఎరువు కోసం ఊరికి బయల్దేరాడు. నేనూ ఎక్కాను.

"ఎడ్లు పాయె. ఎరువు గూడా పోతే ఇంక మనం సేద్యగాళ్లం యాడైతామురా?" అంది మా అత్త.

"వాన యాడుండాదిమా? ఈ ఉద్యోగమన్నా నిలబడనీ" అన్నాడాయన.

మేం గంపలు నింపుతున్నంతసేపూ ఆమె గోడవైపు తిరిగి కూచుంది. దిబ్బ అడుగున ఎర్రనేల కనిపించేదాకా ఎత్తాం.

మా ఆయన నేల లోతుగా తవ్వి, ఎరువు కలిపి, గరిక మళ్లీ నాటాడు. ఈసారి అతుక్కుంది. దొరసాని మొహం వెలిగింది. తర్వాత గరిక మధ్యన వెడల్పాకుల మొలకలు గుంపులుగా లేచాయి. మా ఆయన వంగి, ఒక ఆకును వేళ్లతో నిమిరి చూశాడు.

"కొర్ర మొలిచినాదే" అన్నాడు నాతో.

అడుగున మాగినా, తడి తగలక దిబ్బ పైపొర వేడెక్కలేదు. మా అత్త పోసిన పొల్లులో గింజలు చావకుండా ఉన్నాయి. చేనులో రెండేళ్లుగా మొలవని కొర్ర దొరసాని లాన్‌లో మొలిచింది.

"కలుపు పీకెయ్, పెద్ద ఆఫీసరు వచ్చే వేళయింది" అంది దొరసాని.

"కలుపు కాదమ్మగారూ, కొర్ర."

"లాన్‌లో గడ్డి కానిదంతా కలుపేనయ్యా."

ఆమె చెడ్డది కాదు. తిండిగింజ మొక్కను చేత్తో పీకడమంటే ఏమిటో ఆమెకు తెలియదు, అంతే. మమ్మల్ని చూసిపోదామని మా అత్త సరిగ్గా ఆనాడే ఊరినుంచి వచ్చింది. కొడుకు లాన్‌లో కూచుని కొర్ర పీకుతుంటే గేటు దగ్గరే ఆగిపోయింది. తల్లిని చూశాడు గానీ చేయి ఆపలేదు. ఆపితే ఉద్యోగం పోతుంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడ్లను అమ్మిననాడు కూడా ఆయన ఏడవలేదు.

"బాగ పీకుతాండావు నాయనా" అంది మా అత్త. మంచినీళ్లయినా తాగకుండా వెనక్కి పోయింది. ఊళ్లో మేకలాయన్ను పిలిచి, "మా చేన్లో తోలుకోప్పా, ఇంక ఆడ ఇత్తేవాళ్లు లేరు" అని చెప్పిందట.

ఉద్యోగం పర్మనెంటయింది. ఆ ఏడు వాన కూడా అదనుకే పడింది. వాన వెలిశాక మా ఆయన లాన్ మధ్యకు పోయి, అలవాటుకొద్దీ నేలలోకి వేలు గుచ్చి చూశాడు.

"పదును బాగా దిగినాది. ఇత్తొచ్చు" అన్నాడు.

ఎడ్లు లేవు, ఎరువు లేదు, చేనులో మేకలు తిరుగుతున్నాయి. ఇంతలో తడిగడ్డిని తొక్కొద్దని దొరసాని వరండాలోంచి కేకేసింది. ఆయన వేలు తుడుచుకుని పక్కకు వచ్చేశాడు.