తోటికోడలి బండి ప్లగ్గు

మా ఇంట్లో రెండు స్కూటర్లు ఉన్నాయి. ఒకే షోరూంలో, ఒకే రోజు కొన్నవి. ఇద్దరు కోడళ్ళ మధ్య మాట రాకూడదని మగవాళ్ళు చేసిన ఏర్పాటు అది. నాది బూడిద రంగు, నా తోటికోడలిది ఎరుపు. ఆమెకు అప్పటికి బండి నడపడం రాదు. చేవెళ్ళలో కాలేజీ గ్రౌండుకు తీసుకెళ్ళి, సీటు వెనక పట్టుకుని పరుగెత్తి మరీ నేర్పింది నేనే. పాముకు పాలు పోశానని అనను గానీ, ఆ నాలుగు రోజులు నాకు జ్వరం వచ్చినా బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

మా అత్తమ్మ ప్రతి ఆదివారం మొయినాబాద్ చర్చికి వెళుతుంది. చేవెళ్ళలో చర్చి లేక కాదు. మొయినాబాద్ ఆమె పుట్టిన ఊరు, చిన్ననాటి స్నేహితురాళ్ళంతా అక్కడే ఉన్నారు. మగవాళ్ళిద్దరూ ఒక బైకు మీద ముందే వెళ్ళిపోతారు. ఏడాది పాటు అత్తమ్మను నేనే తీసుకెళ్ళాను. చర్చి ముందు ఆమె దిగుతుంటే ఆ ముసలమ్మలు "పెద్ద కోడలు తోల్కొచ్చిందా?" అని అడిగేవాళ్ళు. ఆ ఒక్క మాట కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. అత్త కోసం ఏ కోడలైనా ఇంత పాకులాడుతుందా అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

ఒక ఆదివారం పెట్రోలు బంకు దాటాక నా బండి ఆగిపోయింది. వెనకే వస్తున్న తోటికోడలు అత్తమ్మను ఎక్కించుకుని పోయింది. మరుసటి వారం నా బండి బాగానే స్టార్టయింది. అయినా అత్తమ్మ తిన్నగా ఎర్ర బండి వైపే నడిచింది. ఆ పై వారమూ అంతే.

నాకు కడుపు మండిపోయింది. నా బండి మళ్ళీ మొరాయించడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున నేను కిక్కు కొట్టి కొట్టి చెమటలు కక్కుతుంటే, ఆమె ఒక్క వేలితో బటన్ నొక్కి వెళ్ళిపోయేది. "ప్లగ్గు ఖరాబైనట్టున్నది, కొత్తది ఏపియ్యి," అన్నాడు మా ఆయన. బస్టాండు దగ్గర దుకాణంలో స్పార్కు ప్లగ్గులు దొరుకుతాయి, నాకు తెలుసు. కానీ కొనలేదు. కొత్తది వేస్తే నా బండి నడుస్తుంది, నిజమే. ఆమె బండి ఆగదు కదా!

శనివారం మధ్యాహ్నం అత్తాకోడళ్ళు ఇద్దరూ కూరగాయలకు నడిచి వెళ్ళారు, ఒక్క సంచికే చెరో కాడ పట్టుకుని. వాళ్ళు మలుపు తిరగగానే నేను ప్లగ్గు పానా బయటికి తీశాను. సీటు కింద చిన్న మూత విప్పి, ప్లగ్గు మీది రబ్బరు టోపీ లాగి, పానా పెట్టి తిప్పితే నా ప్లగ్గు ఊడివచ్చింది. కొస అంతా మసి పట్టి కాటుక భరిణెలా ఉంది. తరవాత ఆమె బండి దగ్గరికి వెళ్ళి ఆమెదీ విప్పాను. అది కాల్చిన రొట్టె రంగులో, పింగాణీ తెల్లగా మెరుస్తూ ఉంది. ఆఖరికి ప్లగ్గు కూడా నాకంటే చక్కనిదే దొరికింది ఆమెకు అని ఒళ్ళు మండింది.

నాది ఆమె బండికి, ఆమెది నా బండికి పెట్టేశాను. మొదట పానా వాడకూడదు, వేళ్ళతోనే తిప్పాలి, మర వంకరగా ఎక్కితే ఇంజనుకే చేటు. ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నానిదంతా. చేస్తున్నది ద్రోహమే అయినా పని మాత్రం నీటుగా చేశాను. నా ప్లగ్గు మసి మాత్రం తుడవలేదు. ఆ సాయంత్రం ప్రార్థనలో అందరితో పాటు కళ్ళు మూసుకున్నాను గానీ దేవుణ్ణి ఏమీ అడగలేదు. అడగడానికి ముఖం చెల్లలేదు.

ఆదివారం పొద్దున తోటికోడలు బటన్ నొక్కింది. ఎర్ర బండి ఒక్కసారి దగ్గి, వెంటనే అందుకుంది. నేను బటన్ నొక్కాను, కిక్కు కొట్టాను, మళ్ళీ కొట్టాను. నా బండి ఉలకలేదు, పలకలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. తెచ్చి నా ఇంట్లో వడ్డించుకున్నా రుచి రాలేదు.

"అక్కా, ఆగు, నేను చూస్త," అంటూ ఆమె తన బండి ఆపి వచ్చింది. వాళ్ళ బాపు షాబాద్‌లో బోరు మోటార్లు బాగుచేస్తాడు. చిన్నప్పటి నుంచీ వైర్ల మధ్య పెరిగిన పిల్ల. నా బండి డిక్కీలోంచి పానా తీసి ఆమె ప్లగ్గు విప్పుతుంటే, నేను ఎర్ర బండి వైపు చూడకుండా నిలబడ్డాను.

ఆమె దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. "ప్లగ్గు మంచిగనే ఉన్నదక్కా. కొత్తది ఏసినవా?"

"ఊ," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. కనిపెట్టిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ప్లగ్గు బిగించి, రబ్బరు టోపీలోంచి వైరు లాగింది. దాని కొస పచ్చగా చిలుము పట్టి ఉంది. వంటింట్లోంచి చాకు తెచ్చి చిలుము పట్టినంత మేర కోసేసి, టోపీ మళ్ళీ తిప్పి బిగించింది. "గిప్పుడు కొట్టు," అంది. ఒక్క నొక్కుకే నా బండి కొత్తదానిలా అందుకుంది.

మంచి బట్టలకు మరకలు చేసుకుని నా బండి బాగుచేసిన మనిషికి కృతజ్ఞత చెప్పాలి. నేను చెప్పలేదు. ఇక అత్తమ్మకు తప్పించుకోవడానికి సాకు లేదు అనుకుంటూ ఆమె వైపు తిరిగాను.

"అత్తమ్మా, రా, కూసో."

అత్తమ్మ బైబిలు సంచి భుజాన సర్దుకుంటూ ఎర్ర బండి మీద చెయ్యి వేసింది. "నేను దీని మీద్నే వస్త బిడ్డా."

"నా బండి మంచిగైంది కదా! ఇంక ఎక్కడ ఆగది."

"బండిదేమున్నది, నడిచినా ఒకటే, ఆగినా ఒకటే. నీ యెన్క కూసుంటే ఆ ఇనుప కడ్డీ పట్టుకొని కూసోవాలె. చీర నలుగుతది, నన్ను పట్టుకోకు అత్తమ్మా అన్నవ్ ఒకసారి. ఇదైతే నా చెయ్యి గుంజి దాని నడుముకు సుట్టుకుంటది. నాకు భయం అనిపియ్యది." ఆమె గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. వాన వస్తుందేమో అన్నంత మామూలుగా అంది.

నేనెప్పుడన్నాను అని నోటిదాకా వచ్చింది. అన్నాను. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర అది. ఆ రోజంతా మడత నలగకుండా ఉన్నందుకు మురిసిపోయాను కూడా.

వాళ్ళు ముందు బయలుదేరారు, నేను వెనక. దారి పొడవునా అత్తమ్మ చెయ్యి తోటికోడలి నడుము మీదే ఉంది. మధ్యమధ్య ఆ పిల్ల ఒక చేత్తో ఆ చేతిని తట్టి ఏదో చెబుతోంది, అత్తమ్మ ఆమె వీపుకు చెంప ఆనించి నవ్వుతోంది. మొయినాబాద్ దాకా నా బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఎక్కడైనా ఆగిపోతే ఇదంతా చూసే బాధ తప్పేది.