మావయ్య పిక్కల నొప్పి, సంచెడు పంపర పనసకాయలు

నిన్న పొద్దున అరకు నుంచి బావ ఫోన్. "మా నాన్న ఎల్లిపోనాడే" అన్నాడు.

ఎవరి నాన్న అని అడిగాను. పిచ్చిదాన్ని.

సత్యం మావయ్య ఇక లేడట. నిద్రలోనే పోయాడట. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మా అమ్మకు తమ్ముడు. కాఫీ తోటలో మేస్త్రీ. చిన్నప్పుడు వేసవి సెలవులకి రైల్లో వెళ్తే, స్టేషన్ నుంచి మా బ్యాగులన్నీ తనే మోసేవాడు. వెనకబడితే "బేగి రండే గుంటలూ, ఏటా నడక" అని కేకలేసేవాడు. ఆ కొండల్లో ఆయనతో సమానంగా నడిచిన మనిషిని నేను చూడలేదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆయనకి గుండెల్లో నొప్పొస్తే, వైజాగ్‌లో డాక్టరు గారు కొలెస్ట్రాల్ టాబ్లెట్ రాశారు. మావయ్య శ్రద్ధగా వేసుకున్నాడు.

ఆ శ్రద్ధే మరీ ఎక్కువైంది. పులుపు కొవ్వును విరగ్గొడుతుందని సంతలో ఎవరో చెప్పారట. పెరట్లో చెట్టు నిండా పంపర పనసకాయలు. రాత్రి అన్నం మానేసి, ఒక కాయంతా తిని, దాని మీద మాత్ర వేసుకునేవాడు. డబుల్ పవర్ అట!

కొన్నాళ్ళకి పిక్కలూ తొడలూ ఒకటే నొప్పులు. మెట్టెక్కలేడు. వయసు మీద పడిందనుకుని తోటకి వెళ్ళడం మానేశాడు. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నా కొండ అయిపోనాదే గుంటా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది.

అత్త పోరగా పోరగా చెకప్‌కి కదిలాడు. డాక్టరు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్తాడా మా మావయ్య? సంచెడు పంపర పనసకాయలు పట్టుకెళ్ళి టేబుల్ మీద పెట్టాడు. "మీరిచ్చిన మాత్ర దీంతోనే ఏసుకుంతన్నాను బాబూ" అని గొప్పగా చెప్పాడట.

డాక్టరు గారు తల పట్టుకున్నారు. ఈ పండు కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలకి పడదట. మందు ఒంట్లో ఎక్కువైపోయి కండరాలు దెబ్బతింటాయట, ముదిరితే కిడ్నీలకే ముప్పట. రక్తపరీక్ష చేయించి, పండు మానిపించి, మాత్ర మార్చారు. కొన్ని యాంటీబయాటిక్‌లూ ఇలాగే పడవట, ఇంకెప్పుడైనా జలుబుకి ఒకటి కొనుక్కున్నా ముందు తనకి చెప్పాలన్నారు.

ఆ సంచి పట్టుకెళ్ళకపోతే ఏమయ్యేదో, తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

మెల్లగా నొప్పులు తగ్గాయి. మావయ్య మళ్ళీ తోటలో పడ్డాడు. అప్పటి నుంచి కాయలు ఎవరికిచ్చినా, ముందు ఏ మాత్రలు వాడుతున్నారో ఆరా తీసేవాడు. పెద్ద డాక్టరు బయల్దేరాడని అత్త ఏడిపించేది.

మొన్న సాయంత్రం కూడా తోట చూసొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని పడుకున్నాడట.

అరుగు మీద కూలబడి కాదు మావయ్యా, కొండెక్కి దిగే వెళ్ళావు.

ఇక చల్లగా పడుకో. నిన్నెవరూ లేపరు.