సత్యవతి టీచరు గారి తలుపు

మొన్న మధ్యాహ్నం ఫోను మోగితే, చేతికి అంటిన మామిడిపండు రసం కొంగుకు తుడుచుకుంటూ ఎత్తాను. అవతల ఎవరో కుర్రాడు, తేనె పూసిన గొంతు. "నమస్తే మేడమ్, భోజనం అయిందాండీ?" అని మొదలుపెట్టాడు. మా మేనల్లుడు క్రెడిట్ కార్డు బాకీ కట్టడం లేదనీ, రిఫరెన్సు కింద నా నంబరు ఇచ్చాడనీ చెప్పాడు. చివర్లో అదే మర్యాదతో, "మీ అపార్ట్‌మెంట్‌లో నలుగురికీ తెలిస్తే మీకే బాగుండదు కదండీ" అన్నాడు. "తెలియనీ బాబూ, నేనే చెబుతాను. వాడు ఎంత వాడాడు, వడ్డీ ఎంత, జరిమానా ఎంత, విడివిడిగా కాగితం మీద రాసి పంపు. నీ పేరూ మీ ఆఫీసు పేరూ కూడా రాయి" అన్నాను. టక్కున ఫోను పెట్టేశాడు. మేనల్లుణ్ణి కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి తేలింది. ప్రతి నెలా బిల్లులో కనీసం కట్టవలసిన మొత్తం అని చిన్న అంకె వేస్తారు కదా, అది కట్టేస్తే చాలనుకున్నాడట మహానుభావుడు. మిగిలినదాని మీద వడ్డీ, ఆ వడ్డీ మీద మళ్ళీ వడ్డీ పడుతోందని చూసుకోలేదు. చివరికి ఆ చిన్న అంకే పెద్దదై, అదీ కట్టలేక మానేశాడు. ఆ వారంలోనే బ్యాంకుకు వెళ్ళి, కార్డు ఆపించి, వాయిదాలు రాయించుకుని వాడి సంగతి చక్కబెట్టాం. కాని ఆ గొంతు మాత్రం నన్ను వదల్లేదు. అంత మర్యాదగా బెదిరించిన మనిషిని అంతకుముందు ఒక్కణ్ణే చూశాను. అతనికి ఎలా జవాబు చెప్పాలో చూపించిన ఆవిడ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటారు.

ఆవిడ సత్యవతి టీచరు గారు. ఎనభైల్లో నేను ఉంగుటూరు నుంచి వచ్చి నూజివీడు ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరినప్పుడు, ఆవిడ అక్కడ లెక్కలు చెప్పేవారు. వాళ్ళింట్లోనే వెనక గది అద్దెకు తీసుకున్నాను. పేరుకు అద్దె గాని పొద్దున కాఫీ, రాత్రి చారన్నం అన్నీ ఆవిడ వంటింట్లోనే. భర్త పోయారు, పిల్లలు లేరు. కాపురానికి వచ్చేనాటికి చంకనెక్కే వయసులో ఉన్న మరిది కిట్టును తనే పెంచి పెద్దచేశారు. అతను ఆగిరిపల్లి వైపు మామిడితోటలు కౌలుకు తీసుకుని వ్యాపారం చేసేవాడు. ఆవిడ లెక్కల్లో రాక్షసి. జవాబు సరిగ్గా వచ్చినా పక్కన 'రూపాయలు' అని రాయకపోతే మార్కులు కోసేసేవారు. "రూపాయలా, రాళ్ళా? ఏంటో రాయకపోతే నేనేం అనుకోవాలే?" అని పిల్లల్ని నిలదీసేవారు. అలాంటి మనిషి ఒక పొద్దున చేసిన పని చూసి నేను నోరు వెళ్ళబెట్టాను.

తోటలు పూతకు వచ్చిన రోజులవి. కిట్టు రెవిన్యూ స్టాంపు అంటించిన ప్రోనోటు పట్టుకొచ్చి, "వదినా, జామీను సంతకం కావాలి" అన్నాడు. మామిడి షావుకారు దగ్గర పెట్టుబడి తీసుకోవడానికట. నేను పక్కనుంచి తొంగిచూస్తే అంకె ఉండవలసిన చోట ఖాళీ. ఊరుకోలేక, "అంకె లేదేంటండీ?" అన్నాను. కిట్టు నవ్వాడు. "ముందే ఎలా వేస్తామండీ? పూత చూసి కొంత ఇస్తాడు, పిందె నిలబడితే కొంత, మందు కొట్టడానికి ఇంకొంత. మొత్తం ఎంతవుతుందో ఆ తోటకే తెలీదు. ఇప్పుడే అంకె వెయ్యమంటే షావుకారు గారిని నమ్మనట్టు కదా? ఇక్కడ అందరూ ఇలాగే ఇస్తారండీ." నిజమే, ఆ చుట్టుపక్కల తోటలు తీసుకునే వాళ్ళంతా అలాగే ఇచ్చేవారు. ఖాళీ కాగితం ఇవ్వడమే అక్కడ మర్యాద. సత్యవతి గారు కళ్ళజోడు సవరించుకుని కిట్టు సంతకం కింద తన సంతకం పెట్టేశారు. 'రూపాయలు' అని రాయలేదని మార్కులు కోసే మనిషి!

కాయ ముదురుతుండగా ఈదురుగాలి వచ్చింది. మర్నాడు ఆగిరిపల్లి తోటల్లో చెట్ల మీదకంటే నేల మీదే ఎక్కువ కాయలున్నాయన్నారు. కిట్టు ఒకసారి ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కనపడలేదు. హనుమాన్ జంక్షన్‌లో లారీ ఎక్కుతుండగా చూశామని ఎవరో చెప్పారు.

అప్పుడు వచ్చాడు పాపారావు. షావుకారు బాకీలు వసూలు చేసే మనిషి. తెల్లటి పంచె, చేతిలో గొడుగు, నుదుట బొట్టు. చూస్తే పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు. కిట్టు తీసుకున్నానని వదినకు చెప్పిన మొత్తానికి ఎన్నో రెట్లు ఆ ఖాళీలో వేసి ఉందని అతని నోటే విన్నాం. సత్యవతి గారు, "ఇంత ఎప్పుడిచ్చారు?" అని అడిగితే, "కాగితం మీద ఉంది కదమ్మా, కింద తమరి సంతకమే కదమ్మా" అన్నాడు. గొంతు పెంచలేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. దారిన పోయే ప్రతివారికీ నమస్కారం పెట్టి, "టీచరమ్మ గారు బాకీ ఉన్నారండీ. పాపం, ఇస్తారు లెండి, మంచివారు" అనేవాడు. ఆ 'పాపం' వింటే నాకు చెంప ఛెళ్ళుమనిపించాలనిపించేది. పాలమనిషి వెనక గుమ్మానికి రావడం మొదలుపెట్టింది. బళ్ళో తోటి టీచర్లు మమ్మల్ని చూసి మాటలు ఆపేసేవారు. సత్యవతి గారు తల వంచుకుని నడిచేవారు. పిల్లలు లెక్క తప్పు చేసినా అరవడం లేదు. నాకు భయం వేసిందంటే అందుకే. ఆ మనిషి అరవకపోతే ఇంకేం మిగిలింది?

ఒంటిపూట బళ్ళ రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇద్దరం ఎండలో నడిచి ఇంటికొచ్చాం. గుమ్మం దగ్గర ఆగిపోయాం. వీధి తలుపు లేదు. రెండు రెక్కలూ బందులతో సహా ఊడబీకి తీసుకుపోయారు. వీధిలోంచి చూస్తే వంటింట్లో బోర్లించిన గిన్నెల దాకా కనిపిస్తోంది. లోపల ఇంకే వస్తువూ ముట్టుకోలేదు. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు గాని ఒక్కరూ బయటికి రాలేదు. ఇద్దరు ఆడవాళ్ళం ఉండే ఇంటికి తలుపు తీసేశారు. బాకీ వసూలుకు మనుషులు ఇంతకు దిగజారతారని నేను కలలో కూడా అనుకోలేదు. ఏడుస్తూనే లోపలికి పరుగెత్తి, దుప్పటి తెచ్చి గుమ్మానికి కట్టబోయాను.

"వద్దు విజయా" అన్నారావిడ.

"లోపలంతా కనిపిస్తోందండీ!"

"కనపడనీ. తలుపు తీసుకెళ్ళింది వాళ్ళు. మనమెందుకే దాచడం?"

పోలీసులకు చెబుదామన్నాను. "చెబితే తలుపొస్తుందేమో. ఆ కాగితం రాదు" అన్నారు. ఆ రాత్రి గుమ్మంలో మంచం అడ్డం వేసుకుని పడుకున్నాం. నిద్ర ఎవరికి పట్టింది గనక!

తెల్లారాక ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని నేరుగా షావుకారు కొట్టుకు నడిచారు. మంచి సీజను. లారీల్లోకి కాయ ఎగుమతి జరుగుతోంది, గంపలు, వరిగడ్డి, తోటల వాళ్ళు, దళారులు. అంతా మగవాళ్ళే. ఆవిడ మధ్యలో నిలబడి క్లాసులో వెనక బెంచీకి వినబడే గొంతుతో మొదలుపెట్టారు. "షావుకారు గారూ, నేను సత్యవతిని. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా మరిది బాకీకి జామీను సంతకం నాదే. బాకీ ఉన్నాను, ఎగ్గొట్టను. నిన్న మా వీధివాళ్ళ ముందు నా తలుపు పట్టుకొచ్చారు కదా, ఇవాళ మీవాళ్ళ ముందు లెక్క చెప్పండి. పూతకి ఎంతిచ్చారు? పిందెకి ఎంతిచ్చారు?"

నాకు నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. మనం బాకీ ఉన్నామని ఎవరైనా అలా కేకవేసి చెప్పుకుంటారా? షావుకారు "లోపలికి రండమ్మా, మజ్జిగ తాగి మాట్లాడుకుందాం" అన్నాడు. "ఇక్కడే బాగుందండీ. పిందెకి ఎంతిచ్చారు?" గంపలు మోస్తున్న వాళ్ళు ఆగిపోయారు. తోటల వాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. వాళ్ళందరి ఖాళీ కాగితాలూ ఆ కొట్టు పెట్టెలోనే ఉన్నాయి మరి. ఇంతలో ఆగిరిపల్లి ఆసామి ఒకాయన తలపాగా తీసి దులుపుకుంటూ, "పిందెకి కిట్టుకి ఏం ఇయ్యలేదు కదండీ? ఆ రోజు నేనూ ఇక్కడే ఉన్నా. గాలుల రోజులు దాటాక చూద్దాం అన్నారు తమరు" అన్నాడు. ఇంకొకాయన, "అయితే మా కాగితాల మీద ఎంతేశారండీ?" అని అడిగాడు. షావుకారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ళు కాయ ఇంకో కొట్టుకు తోలితే ఆ సీజను అంతటితో సరి. అసలు ఇచ్చిన మొత్తం ఎంతో ఆయన నోటితోనే, అందరూ వింటుండగా, చెప్పాడు. కిట్టు ఇంట్లో చెప్పిన మొత్తమే అది. ఆవిడ జీతంలోంచి నెలనెలా కడతానన్నారు. అక్కడికక్కడే కాగితం మీద ఆ అంకె దిద్దించి, ఇద్దరు తోటల వాళ్ళ చేత సాక్షి సంతకాలు పెట్టించారు. వీధి మలుపు తిరిగాక గాని ఆవిడ నా చెయ్యి వదల్లేదు. చూసుకుంటే మణికట్టు మీద ఆవిడ గోళ్ళు దిగి ఎర్రగా ఉంది.

ఆ సాయంత్రం పాపారావే తలుపు రిక్షాలో వేయించుకుని తెచ్చాడు. "పొరపాటైందమ్మా" అన్నాడు, అదే మర్యాద. బాకీ ఆవిడ మాట ప్రకారం కట్టేశారు. చివరి వాయిదా నాడు ప్రోనోటు వెనక్కి తెచ్చుకుని పొయ్యిలో పెట్టారు. అంతటితో ఆ కథ అయిపోయిందనుకున్నాను.

మళ్ళీ తోటలు పూతకు వచ్చాయి. ఒక పొద్దున కిట్టు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. చిక్కి సగమయ్యాడు. వదిన కాళ్ళ మీద పడ్డాడు. ఆవిడ తిట్టవలసినంత తిట్టి అన్నం పెట్టారు. తిన్నాక అతను జేబులోంచి కాగితం తీశాడు. ఇంకో షావుకారట, చిన్న తోటట. "మీరు కాదంటే మీ ఇష్టం వదినా" అన్నాడు. ఆవిడ కలం తెరవడం చూసి నేను ఉండబట్టలేకపోయాను.

"మీకు మతి పోయిందా టీచర్ గారూ? మళ్ళీనా?"

ఆవిడ కాగితం కిట్టు చేతికే ఇచ్చి, "ఎంతో వెయ్యి. పూతకే వెయ్యి. పిందెకి ఇంకో కాగితం తీసుకురా, అప్పుడు చూద్దాం" అన్నారు. అతను అంకె వేశాడు. "పక్కన రూపాయలు అని రాయి" అన్నారు. రాశాడు. పైకి చదివించారు. అప్పుడు సంతకం పెట్టారు.

అతను వెళ్ళాక నేను ముఖం ముడుచుకుని కూర్చుంటే పక్కన చతికిలబడి మెల్లగా అన్నారు: "వాడికి నేను కాక ఇంకెవరున్నారే? భయపడి నేను సంతకం మానేశాననుకో. అప్పుడు ఆ పాత షావుకారు నా తలుపొక్కటే కాదు, నా కిట్టును కూడా పట్టుకుపోయినట్టే కదా."

నాకు ఆ మాట ఆ రోజు మింగుడు పడలేదు. కోపంతో ఆ పూట అన్నం కూడా తినలేదు. తర్వాత నేను కూడా తోబుట్టువులకు, స్నేహితులకు హామీ సంతకాలు పెట్టాను. ఒకసారి దెబ్బ కూడా తిన్నాను. పెట్టే ముందు అంకె పైకి చదివి నలుగురికీ వినిపించడం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. చదివేటప్పుడు చాలామంది చిన్నబుచ్చుకుంటారు. అయినా చదువుతాను. చదివాక, నా వాళ్ళయితే, సంతకం పెడతాను.