తొమ్మిదో చీటీ

అరవనాట చూలై పేటలో బైండింగు షాపు నడిపే ఆదికేశవులుకు యాభై ఏళ్లు. పెళ్లి కాలేదు. చేసుకోకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు, కాలేదంతే. పుస్తకంలో ఒక్క పేజీ వరుస తప్పినా అన్నం సయించని మనిషి. అలాంటివాడు కథలు రాస్తే ఎలా రాస్తాడు? కట్టింగు మిషను కింద రాలిన కాగితం ముక్కలు ఏరి, ఒక్కో ముక్క మీద ఒక్కో సంగతి రాసి, నంబర్లు వేసుకుంటాడు. పద్దెనిమిది చీటీలు వరుసలో పడితే తప్ప కథలో మొదటి వాక్యం ముట్టుకోడు. రాస్తుండగా ఏ పాత్రయినా దారి తప్పిందా, మళ్లీ ఒకటి నుంచి నంబర్లు.

ఈసారి బండి తొమ్మిదో చీటీ దగ్గర ఆగిపోయింది. ఎనిమిదిలో నాయిక పెళ్లి మాట ఎత్తుతుంది. పదిలో మాటలు మానేస్తుంది. పద్దెనిమిదిలో పెళ్లి. మధ్యలో ఆమె ఎందుకు అలిగిందో రచయితకే తెలియదు. ఎలా తెలుస్తుంది? అది కల్పించిన కథయితే కదా!

ఆ నాయిక పక్క వీధి బడిలో తెలుగు చెప్పే హైందవి. ఒంగోలు నుంచి వచ్చి నాలుగేళ్లు. ఒంటరి మనిషి. రోజూ సాయంత్రం షాపుకొచ్చి, టీ తాగుతూ, ఈయన కథల్లో తప్పులకు సున్నాలు చుట్టేది. మూడు నెలల కిందట అలా దిద్దుతూనే, మనం పెళ్లి చేసుకుందామా అని తనే అడిగింది. ఈయన లోలోపల పొంగిపోయి, నిదానంగా ఏదో జవాబిచ్చాడు. మర్నాటి నుంచి ఆవిడ రావడం మానేసింది. పాపం, ఆదికేశవులు కుట్టిన పుస్తకాన్నే విప్పి మళ్లీ కుడుతున్నాడు. ఆమె లేకపోతే ఆయనకు ఏమీ తోచడం లేదు.

నేరుగా అడగడానికి నోరు రాలేదు. చివరికి, కథలో చిక్కొచ్చిందన్న వంకతో చీటీల కట్ట పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాడు. హైందవి గుమ్మంలోనే నిలబడి చదివింది. ఎనిమిది చూసి మొహం ముడుచుకుంది. తొమ్మిది ఖాళీగా ఉండడం చూసి, మీ కథానాయకుడు ఏమన్నాడో రాయలేదేమని నిలదీసింది.

“దాంట్లో రాసేదానికి ఏముండాది టీచరమ్మా? అవసరం లేదు అన్నాడు. అంతే గదా.”

“అంత మాటన్నాక ఏ ఆడదైనా మళ్లీ గడప తొక్కుతుందా?”

ఆదికేశవులు బిత్తరపోయాడు. ఆ మర్నాడే ఆ కథానాయకుడు వాళ్లక్క అమ్మణిని వెంటబెట్టుకుని సౌకార్‌పేట పోయి పెళ్లిచీర కొన్నాడని చెప్పాడు. ఇప్పుడు బిత్తరపోవడం ఆవిడ వంతు. పెళ్లి అవసరమే లేదన్నవాడికి చీర దేనికని అడిగింది.

“చేసుకోనని ఎవురన్నారు? అవసరం లేదు, నిదానంగా మంచిరోజు చూసుకుందామనే అంటిని. రైలు పట్టుకోవాల్నా ఏమన్నా?”

హైందవి గుమ్మం మీద కూలబడింది. తాతల కాలం నుంచి అరవగాలి పీల్చిన ఆదికేశవులు ఇంట్లో అవసరమంటే, అరవంలోలాగే, తొందర. ఒంగోలు ఆవిడకు అవసరమంటే అక్కర. నాలుగేళ్లు ఆయన తెలుగుకు సున్నాలు చుట్టిన పంతులమ్మకు ఈ ఒక్క మాట చిక్కలేదు. మూడు నెలలు ఏడ్చిన ఏడుపంతా గుర్తొచ్చి ఒళ్లు మండింది, ఆ వెంటనే నవ్వొచ్చింది.

ఆయన మాత్రం తొమ్మిదో చీటీ నింపి, ఇక పదిని ఎలా మార్చాలా అని పెన్సిలు తీశాడు. ఆవిడ ఆ పెన్సిలు లాక్కుని, చీర ఎక్కడుందని అడిగింది.

“ఆడ, షాపు బీరువాలోనే ఉండాది.”

“పదండి. నాకు తొందరగానే ఉంది,” అంటూ హైందవి చెప్పులు వేసుకుంది.