నాలుగూ నలభైకి కలిసే ఫోన్

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడాది, బడులు తెరిచే నెలలో, నన్ను బెంగళూరులోని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కి ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా వేశారు. అంతకుముందు ఇరవై రెండేళ్లు టెలిఫోన్ శాఖలో స్తంభాలెక్కి దిగినవాణ్ణి. స్వచ్ఛంద విరమణ తీసుకుని, ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను. నా కింద ఆరుగురు టెక్నీషియన్లు, నా పైన ఒక ఏరియా ఇంజనీరు. వీళ్లు కాక వైట్‌ఫీల్డ్‌లో ఒక నెట్‌వర్క్ డెస్క్ ఉండేది. అక్కడివాళ్లు కుర్చీలోంచి లేవకుండానే ఏ ఇంటి రూటర్ సెట్టింగులైనా మార్చగలరు. ఎండలో తిరిగే మాకు వాళ్లంటే కాస్త కడుపుమంట ఉండేదని దాచడం ఎందుకు.

రూటర్ పెట్టడమంటే వైరు గుచ్చి, దీపాలు వెలిగాయా లేదా చూడడమేనని చాలామంది అనుకుంటారు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. వైఫైకి పేరు పెట్టాలి, పాస్‌వర్డ్ పెట్టాలి, పక్కింటి వైఫైతో కొట్లాడని చానల్ చూసి ఎంచాలి. మాలో ఒక అలవాటు ఉండేది. పాత రూటర్ తీసి కొత్తది పెట్టినప్పుడు, పాత పేరూ పాత పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా అందులో ఎక్కించేవాళ్లం. అలా చేస్తే ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ తమంతట తామే వచ్చి కలుస్తాయి. కంపెనీ నిబంధన ప్రకారం కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి. అప్పుడు ఇంటిల్లిపాది ఫోన్లూ ఒక్కొక్కటే అడిగి తీసుకుని గంటసేపు టైపు చేస్తూ కూర్చోవాలి. అందుకని ఆ నిబంధనను ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, నాతో సహా.

అలా మావాళ్లు రూటర్ మార్చిన ఇళ్లలో సువార్తమ్మగారిది ఒకటి. ఒంగోలు వైపు నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మనిషి. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. భర్త ప్రకాశంగారు స్కూలు టీచరు, రెండో విడత కరోనాలో పోయారు. తర్వాత పాత రూటర్ చెడిపోతే ఆవిడ చాలాకాలం పట్టించుకోలేదు. ఊరి నుంచి అక్క కూతురు వచ్చి ఉంటానంటే కొత్తది పెట్టించుకున్నారు. పెట్టిన మూడో వారం కాల్ సెంటర్‌కి ఫిర్యాదు చేశారు. దాన్ని రాసుకున్న అమ్మాయి కింద నవ్వు బొమ్మ కూడా పెట్టింది: చనిపోయిన భర్త ఫోన్ రోజూ వైఫైకి కనెక్ట్ అవుతోందట.

మామూలుగా ఇలాంటివాటికి టెక్నీషియన్‌ని పంపేవాణ్ణి. ఆ నవ్వు బొమ్మ చూసి ఒళ్లు మండి నేనే వెళ్లాను.

అప్పుడు సాయంత్రం నాలుగు. ఆవిడ తన ఫోన్‌లో మా కంపెనీ యాప్ తెరిచి చూపించారు. ఇంటి వైఫైలో ఏ పరికరం కలిసినా అందులో కబురు వస్తుంది. సెలవు దినాలు తప్పించి రోజూ ఒకే పేరు, ప్రకాశం ఫోన్. ఒకే వేళ, నాలుగూ నలభై, అటూ ఇటుగా రెండు నిమిషాలు.

"ఆయన స్కూలు నుంచి ఇంటికొచ్చే టైమండీ అది," అన్నారు సువార్తమ్మగారు. "నేను ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని. పోయినవాళ్లు తిరిగి రారని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఆ టైముకి టీ పెట్టేస్తున్నానండీ, నా వల్ల కావడం లేదు."

ఫోన్‌కి పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, పేరును బట్టి ఏదీ తేల్చలేం. ప్రతి పరికరానికీ తయారైనప్పుడే పడే పన్నెండు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని మ్యాక్ నంబరంటాం. ఇప్పటి ఫోన్లు దాన్ని దాచుకుంటాయి, అప్పటి పాత ఫోన్లు దాచేవి కావు. ప్రకాశంగారు పద్ధతి గల మనిషి. మొదటిసారి కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇంట్లోని ఫోన్ల నంబర్లన్నీ రాయించి, వాటికి తప్ప ఇంకెవరికీ నెట్ అందకుండా పెట్టించుకున్నారు. ఆ కాగితం మా ఫైల్లో ఉంది. రూటర్ జాబితాలోని నంబరును దానితో పోల్చి చూశాను. పన్నెండుకు పన్నెండూ సరిపోయాయి. ఎండలో పడి వచ్చినవాణ్ణి, నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

ఆ ఫోన్ ఏమైందని అడిగాను. ఆసుపత్రిలో పోయిందన్నారు. వాళ్లిచ్చిన సంచిలో కళ్లద్దాలు, బైబిలు, చార్జరు ఉన్నాయి, ఫోన్ లేదు. ఫిర్యాదు ఇచ్చినా దొరకలేదు. వేరే ఆసుపత్రిలో డ్యూటీలో ఉండి ఆవిడ భర్తను చివరిసారి చూడలేకపోయారు. పోవడానికి నాలుగు రోజుల ముందు ఆయన ఫోన్ చేసి, మాట్లాడితే దగ్గు వస్తోందనీ, చెప్పాలనుకున్నవన్నీ కొంచెం కొంచెంగా ఫోన్‌లోనే రికార్డు చేసి పెడుతున్నాననీ, ఇంటికొచ్చాక ఇద్దరం కూర్చుని విందామనీ చెప్పారట.

అది విన్నాక నాకు ఒక సంగతి తట్టింది. దొంగిలించిన ఫోన్‌ను ఎవరైనా మొదట పూర్తిగా తుడిచేస్తారు. తుడిచేస్తే వైఫై పాస్‌వర్డులు కూడా పోతాయి. ఈ ఫోన్ ఈ ఇంటి పాస్‌వర్డ్‌ను ఇంకా మరిచిపోలేదు. అంటే దాన్ని ఎవరూ తుడవలేదు.

"అమ్మా, ఆ ఫోన్లో సారు మాటలు ఇంకా ఉండే ఉంటాయి," అన్నాను.

ఆవిడ తలెత్తి గోడ గడియారం కేసి చూశారు.

నాలుగూ ముప్ఫై తొమ్మిదికి జాబితాలో ఆ పేరు వచ్చింది. సిగ్నల్ బలాన్ని మైనస్ అంకెల్లో చూస్తాం. అంకె ఎంత చిన్నదైతే పరికరం అంత దగ్గర. ఎనభై నాలుగు. డెబ్బై ఒకటి. అరవై. అంటే హాలు గోడకు ఆవలికి వచ్చేసింది. ఆవిడ లేచి తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి, తీయకుండా అలాగే నిలబడ్డారు. నేను వెళ్లి తీశాను. వసారాలో ఎవరూ లేరు. పక్కనే ఉన్న లిఫ్టు పైకి పోతున్న చప్పుడు, దాని మీద నాలుగు అంకె. తిరిగి వచ్చి చూస్తే సిగ్నల్ ఎనభై రెండు దగ్గర ఆగి ఉంది. సుమారు అరగంట అలాగే ఉండి, మాయమైంది.

పైన నాలుగు ఇళ్లున్నాయి. అప్పటికప్పుడే వెళ్లి నాలుగు తలుపులూ కొడతానని ఆవిడ బయల్దేరారు. నేనే ఆపాను.

"తొందరపడొద్దమ్మా. ఎవురి చేతిలో ఉండాదో తెలీదు. బెదిరిపోయి అంతా తుడిచేస్తే మనకేమీ మిగల్దు. గేటు కాడ వాచ్‌మన్ పుస్తకంలో వచ్చేవాళ్ల పేర్లు, టైములు ఉంటాయి. నాలుగైదు దినాలు ఈ లిస్టుతో పోల్చి చూస్తే మనిషి తేలిపోతాడు."

నా సర్వీసు, నెరిసిన నా తల చూసి ఆవిడ నమ్మారు. కూర్చున్నారు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. మా కంపెనీలో ఏ ఫిర్యాదునూ ఆ రోజు ఆరు దాటాక తెరిచి ఉంచకూడదు. ఏదో ఒక కోడ్ రాసి మూసెయ్యాలి, లేకపోతే మా ఏరియా మొత్తానికి చెడ్డపేరు. వేగం తక్కువైతే ఒక కోడ్, వైరు తెగితే ఒక కోడ్. పదిహేడు అంటే గుర్తు తెలియని పరికరం. ఇంటి కింద బైకు మీద కూర్చుని, ఫోన్‌లో పదిహేడు నొక్కాను. ఆలోచించి కాదు, పదివేల సార్లు చేసిన పని చెయ్యి తనంతట తానే చేసేసింది. పదిహేడు పడితే నెట్‌వర్క్ డెస్క్ వెంటనే ఆ ఇంటి పాస్‌వర్డ్ మార్చి, కొత్తది ఇంటివాళ్లకు మెసేజీ పంపుతుంది. ఈ నిబంధనను టెక్నీషియన్లకు పాఠంలా వల్లె వేయించింది నేనే.

ఆ రాత్రి సువార్తమ్మగారికి మెసేజీ వచ్చింది. అది కూడా నా పథకంలో భాగమే అనుకుని ఆవిడ నన్ను అడగలేదు.

మర్నాడు ఐదు గంటలకు ఫోన్ చేసి, ఈరోజు రాలేదండీ అన్నారు. రూటర్ లాగ్, అంటే జరిగినదంతా రూటర్ తనలో రాసుకునే చిట్టా, తెరిచి చూశాను. నాలుగూ నలభై ఒకటికి ఆ పన్నెండు అక్షరాల నంబరు వచ్చింది. పాస్‌వర్డ్ తప్పు, తిరస్కరించడమైనది. మళ్లీ వచ్చింది. తిరస్కరించడమైనది. మూడోసారి కూడా అదే వాక్యం. తర్వాత ఏమీ లేదు. పది నిమిషాల్లో పాత పాస్‌వర్డ్ తిరిగి పెట్టించాను. ఆ వారమంతా రోజూ నాలుగున్నరకు ఆ ఇంట్లోనే కూర్చున్నాను. ఆ పేరు మళ్లీ రాలేదు. పాస్‌వర్డ్ పదేపదే తప్పైతే కొన్ని ఫోన్లు ఆ వైఫైని పక్కన పెట్టేస్తాయి, తిరిగి తమంతట తాము అడగవు.

ఇక దాచేది ఏముందని పై నాలుగు ఇళ్లకూ ఇద్దరం వెళ్లాం. అందరూ మర్యాదగానే మాట్లాడారు, తమ ఫోన్లు చూపించారు. వాటిలో అది లేదు. ట్యూషన్లు చెప్పేవాళ్లు, వంటమనుషులు, సరుకులు తెచ్చేవాళ్లు అని వాచ్‌మన్ పుస్తకంలో ఆ వేళకు వచ్చినవాళ్ల పేర్లు ప్రతిరోజూ పేజీ నిండా ఉన్నాయి. దొరికినవాళ్లను అడిగాం, లేదన్నారు. యాప్‌లోని టైములన్నీ ఒకటే కాబట్టి వాటితో మనిషి తేలలేదు, ఫోన్ ఎటు పోయిందో చెప్పే సిగ్నల్ లెక్క నా దగ్గర ఒక్క రోజుదే ఉంది.

కోడ్ పదిహేడు సంగతి ఆవిడకు నేనే చెప్పాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. లాగ్ చూపించమన్నారు. ఆ మూడు వరుసలూ చదివి, "మూడుసార్లు తలుపు కొట్టారండీ ఆయన. మనమే తీయలేదు," అన్నారు. ఆవిడ నోట ఆ మాట విన్నాక, అది లిఫ్టులో పోయిన ఎవరి జేబులోనో ఉన్న ఫోన్ అని నేను ఎంత గట్టిగా అనుకున్నా, ఆ ఇంటి మెట్లు దిగుతుంటే వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదు.

ఆ తర్వాత రెండేళ్లు పనిచేసి విరమించాను. ఆ రెండేళ్లలో మావాళ్లు ఎవరూ ఇంటివాళ్లను అడగకుండా పదిహేడు రాయకూడదని పట్టుబట్టాను. ఇంటివాళ్లు గుర్తుపట్టే పరికరానికి వేరే కోడ్ కావాలని పైకి రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: ఏ సెట్టింగ్ మార్చే ముందైనా జాబితా చూడండి, చూసి, ఇది ఎవరిదని ఇంట్లో అడగండి. గుర్తు తెలియని పరికరమని నేను రాశాను. ఆ ఇంట్లో దాన్ని ఎరగనివాణ్ణి నేనొక్కణ్ణే.