ఒడిశా చెల్లె

ఆమె మొదటిసారి మా చర్చికి వచ్చిన ఆదివారం నేను బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాను. చోటివ్వడానికే జరిగానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమె చీర కుచ్చిళ్లకు సిమెంటు అంటుకుని ఉంది. నాది ఆ ఉదయమే ఇస్త్రీ చేసిన చీర.

మా చర్చి నారాయణగూడలో ఫ్లైఓవర్‌కు దగ్గర, ఒక గల్లీ లోపల ఉంటుంది. నా బాప్తిస్మం అక్కడే, పెళ్లీ అక్కడే. నా భర్త శవపెట్టె మీద చివరి ప్రార్థన చేసింది కూడా అక్కడే. మాకు పిల్లలు లేరు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాక అశోక్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను.

ఆ రోజు పాడింది పాత కీర్తన. ఆమె చేతిలో పుస్తకం లేదు, ఉన్నా చదవలేదు. రెండో చరణం దగ్గర ఆమె గొంతు కలిసింది. రాగం మాదే, మాటలు మాత్రం మావి కావు. ఆరాధన అయ్యాక ఏ ఊరని హిందీలో అడిగితే, ఒడిశా కొండల్లోని ఒక పల్లె పేరు చెప్పింది. ఇక్కడ ఎక్కడుంటావంటే ఆమె చెప్పిన చోటు మా ఇంటి వెనకే.

అక్కడ హాస్టల్ కడుతున్నారు. గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం మా వీధిలో ఒక్కో ఇల్లూ కూలి హాస్టల్‌గా లేస్తోంది. మూడు నెలలుగా ఆ దుమ్ము మీద చిరాకు పడుతూ కిటికీలు మూసుకున్నానే తప్ప, ఆ గోడలు ఎవరు లేపుతున్నారో ఒక్కసారీ చూడలేదు. వెనక వైపు రేకుల షెడ్లలో పన్నెండు కుటుంబాలున్నాయి. ఆమె భర్తది సెంట్రింగ్ పని. ఆమె ఇసుక తట్టలు మోసేది. అప్పటికి ఆమెకు ఐదో నెల గర్భం.

నేను షెడ్డుకు వెళ్లినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. "దీదీ, ఇక్కడ నా పేరు ఎక్కడ రాయించుకోవాలి?"

మొదట అర్థం కాలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. రెండేళ్ల కింద వేరే ఊళ్లో, వేరే సైటులో ఉండగా మొదటి బిడ్డ పుట్టి కొన్ని గంటలకే పోయింది. అప్పుడు ఆమె పేరు ఏ ఆస్పత్రిలోనూ, ఏ అంగన్‌వాడీ కేంద్రంలోనూ రాసి లేదు. బిడ్డ పుట్టినట్టు కాగితం లేదు, పోయినట్టూ లేదు. "ఈసారి ఎవరైనా రాసుకోవాలి," అంది.

మరునాడు ఆమెను వెంటబెట్టుకుని అంగన్‌వాడీకి వెళ్లాను. అక్కడి టీచరు చెడ్డ మనిషేమీ కాదు. ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేసింది.

"అడ్రస్ ఒడిశాది ఉంది గదమ్మా. ఇయ్యాల రాసుకుంట, రేపు వీళ్లు వెళ్లిపోతరు. పైనోళ్లు అడిగితే నేనేం జవాబు చెప్పాలె?"

తిరిగి వస్తుంటే ఆమే నన్ను సముదాయించింది.

గురువారం మా చర్చి స్త్రీల సమాజంలో ఈ సంగతి చెప్పాను. ఒకావిడ, మంచి భక్తిపరురాలు, అంది: "ప్రార్థన చేద్దాం. ఆఫీసుల సుట్టు తిరుగుడు సంఘం పని గాదు."

అప్పుడు ముషీరాబాద్ నుంచి వచ్చే పెద్దమ్మ నోరు విప్పింది. ఆమెకు డెబ్బై దాటాయి. సర్కారు ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. కాన్పుల వార్డులోనే ఆమె జీవితమంతా గడిచింది.

"ప్రార్థన చేద్దాం, నేను గుడ్క చేస్త. కానీ నెలలు నిండినంక కాన్పు అయితది గద. గప్పుడు ఎవరు తీస్కపోతరు?" అని నా వైపు తిరిగింది. "ఒక్కదాని కోసం పోతె దయ సూపెట్టినట్టు ఉంటది. అందరి కోసం పోవాలె. ఆడ ఇంకెంతమంది ఉన్నరో సూసి రాస్కుందాం."

ఆదివారం మధ్యాహ్నం నలుగురం షెడ్లకు వెళ్లాం. నోటుబుక్కు చూడగానే అందరూ లోపలికి వెళ్లిపోయారు. ఖాళీ చేయించడానికి వచ్చామనుకున్నారు. ఒకతను భార్యను రేకు తలుపు వెనక దాచి, ఇక్కడెవరూ లేరన్నాడు. మేం ఎండలో నిలబడ్డాం. అప్పుడు ఆమె ముందుకు నడిచింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఒక్కో తలుపు దగ్గరా ఆగి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఈరోజుకీ నాకు తెలియదు. సాయంత్రానికి గర్భిణులు నలుగురు, చిన్నపిల్లలు తొమ్మండుగురు మా పుస్తకంలోకి ఎక్కారు.

మా పాస్టరు అయ్యగారు చర్చి కాగితం మీద వినతిపత్రం రాసి సంతకం చేశారు. అంగన్‌వాడీల పై ఆఫీసుకు మొదటిసారి వెళితే ఆఫీసరు మీటింగులో ఉంది. రెండోసారి కాగితం తీసుకుని చూస్తామన్నారు. మూడోసారి పెద్దమ్మ కుర్చీ లాక్కుని ఆఫీసరు బల్ల ముందే కూర్చుంది.

ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి. కాగితం పైన చర్చి పేరు చూసి, "ఏమనుకోకండి, వీళ్లను మీ మతంల కలుపుకునేటందుకా ఇదంతా?" అని అడిగింది.

నాకు ముఖం వేడెక్కింది. పెద్దమ్మ మాత్రం గొంతు పెంచలేదు. "పేర్లు సదువు బిడ్డ. సగంమంది దుర్గమ్మకు మొక్కేటోళ్లే. కడుపుల ఉన్నదానికి ఇంకా ఏ మతం లేదు. దానికి గుడ్డు కావాలె, తల్లికి రక్తం పట్టాలె. నువ్వు అయితదంటె అయితదను, కాదంటె కాదని రాసియ్యి. అందాంక నేను ఈన్నే కూసుంట, నాకు వేరే పనేం లేదు."

ఆ అమ్మాయి ఫైలు తెప్పించి చదివింది. ఎవరికో ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేశాక ఆమె గొంతు మారింది. "ఎక్కడ ఉంటే అక్కడ్నే రాసుకోవచ్చంట. వలస వచ్చినోళ్లకు గుడ్క. నాకు తెల్వదమ్మా, ఇప్పటిదాక ఎవ్వరు అడగలే."

ఆ నియమం ముందునుంచీ ఉంది. మా ఇంటి వెనక మూడు నెలలుగా ఆడవాళ్లు వట్టి అన్నం తిని తట్టలు మోస్తుంటే కూడా ఉంది. బస్సులో తిరిగి వస్తూ నేను సంతోషపడాల్సింది పోయి ఏడ్చాను.

ఆ తర్వాతి నెలలు నా జీవితంలో మంచి రోజులు. పని దిగాక, వెలుతురు ఉండగానే ఆమె మా ఇంటి మెట్ల మీదకొచ్చి కూర్చునేది. అంగన్‌వాడీలో ఇచ్చే ఉడకబెట్టిన గుడ్డు భర్త కోసం కొంగులో కట్టుకుపోతోందని తెలిసి, అక్కడి టీచరే ఎదురుగా కూర్చోబెట్టి తినిపించడం మొదలుపెట్టింది. నేను ఆమెకు పేరు రాయడం నేర్పాను. ఆమె నాకు కొండ మీద దొరికే ఆకుల పేర్లు చెప్పేది. దీదీ పోయి అక్క వచ్చింది. ఆమె తెలుగు అచ్చం మా గల్లీ తెలుగైంది. "ఏందక్కా, జర నవ్వరాదు," అనేది. భర్త పోయాక నన్నలా అడిగినవాళ్లు లేరు.

కాన్పు సర్కారు ఆస్పత్రిలో అయింది. బయట బల్ల మీద పెద్దమ్మా నేనూ పొద్దుటి నుంచి కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. కొన్నాళ్లకు పుట్టిన సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని నాచేత చదివించుకుంది. తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన చోటు హైదరాబాద్.

"రాసిండ్రా అక్కా?"

"రాసిండ్రు."

"మళ్ల ఒక్కసారి సదువు."

చదివాను. మూడోసారి చదువుతుండగా, మొదటి బిడ్డ కోసం ఆమె నా ముందు మొట్టమొదటిసారి ఏడ్చింది.

పాపకు ఆరో నెల నడుస్తుండగా హాస్టల్ పూర్తయింది. ఒక మంగళవారం కళ్లజోడు కోసం బర్కత్‌పుర వెళ్లి వచ్చేసరికి షెడ్ల రేకులు విప్పి లారీలో పేరుస్తున్నారు. మనుషులు కాచిగూడ స్టేషన్‌కు వెళ్లిపోయారని వాచ్‌మన్ చెప్పాడు. ఆటో ఎక్కాను.

ప్లాట్‌ఫారం మీద మూటల మధ్య కూర్చుని ఉంది. పాప ఒళ్లో నిద్రపోతోంది.

"నీకు చెప్పనీకి వచ్చిన. తాళం ఉండె," అంది.

"ఏ ఊరికి పోతున్నరు?"

"తెల్వదక్క. దిగినంక మేస్త్రీ చెప్తడట."

రైలుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. పాప నుదుటి మీద చెమట తుడిచాను. సర్టిఫికెట్ భద్రంగా పెట్టుకున్నావా అంటే జాకెట్టు మీద చెయ్యి వేసి చూపించింది. రైలు కూత వినిపించాక అడిగింది.

"ఆడ గుడ్క మీ అసొంటోళ్లు ఉంటరా?"

"ఉంటరు," అన్నాను. నాకేం తెలుసు, అయినా అన్నాను.

రెండు నెలలు ఫోన్ చేసింది. మొదట బెంగళూరు అంది, తర్వాత ఇంకేదో ఊరు, పేరు సరిగా వినపడలేదు. ఆ తర్వాత ఆ నంబరు పనిచేయడం లేదు. వాళ్ల పల్లె పేరు పట్టుకుని మా అయ్యగారు అటువైపు సంఘాలకు ఉత్తరాలు రాశారు. వాళ్లింకా ఇంటికి రాలేదని ఒక జవాబు వచ్చింది, అంతే.

పాపకు ఇప్పుడు మూడేళ్లు నిండి ఉంటాయి. నారాయణగూడ మార్కెట్‌లో ఆ వయసు పిల్ల ఎవరి చేయైనా పట్టుకుని నడుస్తుంటే నా కాళ్లు ఆగిపోతాయి. ఏ భాషలో మాట్లాడుతూ ఉంటుంది అది? కన్నడమా, తమిళమా? అమ్మ నోట అశోక్‌నగర్ తెలుగు ఎప్పుడైనా వింటుందా?

మా స్త్రీల సమాజం ఆ పని ఆపలేదు. చిక్కడపల్లిలో, ముషీరాబాద్‌లో కొత్త బిల్డింగు లేస్తే వెళ్లి పేర్లు రాసుకొస్తాం. ఇప్పుడు అంగన్‌వాడీల్లో ఎవరూ ఆధార్ తిప్పి చూడటం లేదు. ప్రార్థన చేద్దామన్న ఆవిడే ముందు నడుస్తుంది. నేనూ వెళతాను. కానీ రాసుకోవాల్సింది రాసుకుని వెంటనే లేస్తాను. పోయిన నెల పెద్దమ్మ అది పట్టేసింది.

"ఏమైంది నీకు? వాళ్లు టీ పెడతమంటుంటే కూసోకుండనే ఉరుకుతున్నవ్."

ఆమె తెలియక అడిగింది కాదు.

"పోయేటోళ్లు పోతరు బిడ్డ. ఉన్నన్ని దినాలు కూసో," అంది.

మొన్న ముషీరాబాద్ సైటులో జార్ఖండ్ నుంచి వచ్చిన ఒకామె గోనెసంచి దులిపి పరిచింది. కూర్చున్నాను. ఆమె పిల్లవాడు నా కళ్లజోడు లాగాడు. టీ చల్లారేదాకా అక్కడే ఉన్నాను.