ఇప్పచెట్టుకు పెట్టిన బొట్టు

ఆ వేసవి శిబిరం సంగతి మొదట నా చెవిన వేసింది మా పక్కింటి పిన్ని. శ్రీకాకుళం మనిషి, బడిలో ఆయా. హిందీ మాట్లాడే ఈ ఉక్కు కర్మాగారం ఊళ్ళో, బిర్సానగర్‌లో, మా రెండిళ్ళకూ మధ్య మోకాలెత్తు గోడ. దాని మీద కూర్చుని చెప్పింది.

"ఏటి సేత్తన్నావే అమ్మడూ? సెలవల్లో పిల్లలకి సెట్లూ పిట్టలూ నేర్పుతారంట మా బళ్ళో. ఇస్తరాకులు కుట్టడం సూపించడానికి ఎవలైనా తల్లి కావాలన్నారు. నీ పేరు సెప్పీసినాను."

"నేనసలు బడి మొహం చూళ్ళేదు కదా పిన్నీ."

"ఇస్తరాకుకి సర్టిఫికెట్టేటే? నడు. నీ పిల్లదీ వత్తాది, ఎండలో తిరక్కుండా ఉంటాది."

నిజమే, నేను బడికి వెళ్ళలేదు. నాన్నగారు ఇంట్లో పీట మీద కూర్చోబెట్టి, పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని దిద్దించినవే నా అక్షరాలు. వాటితోనే ఈరోజు ఇది రాస్తున్నాను. ఆయనకు నమస్కారం. ముప్పై ఏళ్ళ వయసులో మొదటిసారి బడి గేటు దాటుతూ చెప్పులు బయట విడిచాను. వాచ్‌మన్ నవ్వాడు. లోపలికి వెళ్ళాక కాళ్ళు కాలాయి గానీ తిరిగి వెళ్ళబుద్ధి కాలేదు.

సెలవుల్లో బడి ఎంత ఖాళీగా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. వరండా పొడుగునా మూసిన తలుపులు. ఎవరూ కూర్చోని ఉయ్యాల వడగాలికి తనంతట తనే ఊగుతుంటే గొలుసు కిర్రుమనేది. దూరంగా కర్మాగారం మోత ఎప్పుడూ ఉండేదే, అక్కడ మాత్రం నేల లోపలినుంచి వస్తున్నట్టు అరికాళ్ళకు తెలిసేది. బడి వెనక తోట. తోట నడుమ ముగ్గురు పిల్లలు చేతులు కలిపితే గానీ అందనంత ఇప్పచెట్టు.

తోట చూసేది ఒక ఆదివాసీ ముసలామె. అందరూ మౌసీ అనేవారు. పిన్నే చెప్పింది ఆమె సంగతి.

"బడి లేనప్పుడు ఇదంతా ఆల ఊరి పొలిమేరంట. ఆ ఇప్పసెట్టుకిందే ఆలమ్మ ఈ ముసిల్దాన్ని కనీసినాదంట. ఇప్పుడు షెడ్డుకోసమని గోడవార అయిదు సెట్లు కొట్టీత్తారు గదా, ముసిల్ది రోజూ పోయి అడుగుతాది, నా సెట్టు కాదు గదా, నా సెట్టు కాదు గదా అని. కాదు కాదని సెప్పలేక పెద్ద మేడమ్ నోరు పడిపోనాది."

గోడవైపు ముళ్ళపొదలు. అటు నేనెప్పుడూ వెళ్ళలేదు.

పొద్దున్నే పిల్లలకు ఒక ఆట పెట్టేవారు టీచరమ్మ. కళ్ళకు గంతలు కట్టి, ఒక్కొక్కరిని ఒక్కో చెట్టు దగ్గరకు నడిపించి తడమమనేవారు. తర్వాత వాళ్ళంతట వాళ్ళే గంతలతో ఆ చెట్టును వెతుక్కోవాలి. మా అమ్మాయికి ఇప్పచెట్టు వచ్చింది. ఎనిమిదేళ్ళది, ఇక్కడే పుట్టి హిందీయే నోట్లో ఆడుతుంది. చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏం వినిపిస్తోందే?"

"కుఛ్ నహీ, మమ్మీ. ఠండా హై."

నేనూ చెయ్యి పెట్టాను. అంత వడగాలిలో ఆ బెరడు నీటికుండలా చల్లగా ఉంది.

నా కూతురిని దగ్గరకు తీసిన చెట్టు కదా అని మర్నాడు పసుపు రాసి, కుంకుమతో రూపాయంత బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాను. ఆ మర్నాడు చూస్తే బొట్టు లేదు. పసుపు ఉంది. బొట్టు ఉన్న చోట చెయ్యి పెడితే తడి. వాన లేదు, మంచు లేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పోయింది. మూడోరోజూ అంతే, కుంకుమ ఒక్కటే, నలకైనా లేకుండా.

పిన్నితో అంటే గొంతు తగ్గించింది. "ఆ సెట్టులో ఎవలో ఉన్నారే. ఎరుపు పడదేమో. ఊరుకో ఇంక."

ఊరుకుంటే బాగుండేది. నాకు పట్టుదల వచ్చింది. పూజ అనుకున్నాను గానీ, ఇప్పుడు తలుచుకుంటే అది పట్టుదలే. శనివారం ఆముదంలో కుంకుమ రంగరించి తీసుకెళ్ళాను. బెరడు పగుళ్ళలోకి వేలితో అద్ది అరచేయంత బొట్టు పెట్టాను. ఇక ఎవరు తుడుస్తారో చూద్దామనుకున్నాను. ఇంటికి వచ్చేటప్పుడు వెనక్కి చూస్తే, మౌసీ ఆ చెట్టు ముందు చేతిలో తడిగుడ్డతో నిలబడి ఉంది. మొక్కుకుంటోందనుకున్నాను.

ఆదివారం బడి లేదు. సోమవారం గేటు దగ్గరే ఇప్పపూల వాసన తగిలింది. పూల కాలం దాటి నెల పైనే అయింది. తోటలోకి వెళ్ళేసరికి నడుమ అంతా వెలుతురు. ఎక్కడినుంచి వచ్చిందో అర్థంకాని వెలుతురు. చెట్టు లేదు. మొదలు కూడా పెకలించి ఎర్రమట్టితో పూడ్చేశారు.

పిన్ని పరుగున వచ్చింది. "నిన్న ఊరవతల గమ్హరియా నుంచి వచ్చినారే కూలోళ్ళు. ఎర్రగురుతున్న సెట్లన్నీ కొట్టమన్నారంట ఆల్ని. గోడవార అయిదిటికీ ఎర్రరంగు పూసుంది. మరి దీనికెవలు పూసినారో…"

అంటూనే నా వేళ్ళ వైపు చూసి ఆగిపోయింది. ఆముదం కుంకుమ ఇంకా గోళ్ళలో ఉంది.

టీచరమ్మ ఇంకా తోటలోకి రాలేదు, ఆమెకు ఇదేమీ తెలియదు. వరండాలోనే పిల్లలకు గంతలు కట్టేశారు, మీ మీ చెట్లు వెతుక్కోండన్నారు. మా అమ్మాయి చేతులు చాచి నడిచింది. పూడ్చిన మట్టి అంచున ఆగింది. రెండు చేతులూ వెడల్పుగా తెరిచి, చెట్టును హత్తుకునేటప్పటి ఒంపులోనే, గాలిని కౌగిలించుకుంది. చెంప ఆనించినట్టు తల పక్కకు వాల్చింది.

"మమ్మీ, అబ్ భీ ఠండా హై."

ఇంకా చల్లగానే ఉందంటోంది. వెళ్ళి గంతలు విప్పే ధైర్యం నాకు లేకపోయింది. మౌసీ విప్పింది. తర్వాత నా దగ్గరకు వచ్చింది. వచ్చీరాని హిందీలో క్షమించమన్నాను. ఆమె నాకు అర్థమయ్యేలా ఒక్కొక్క మాటే చెప్పింది. ఎరుపు చూసి కొట్టేస్తారని రోజూ సాయంత్రం తుడిచింది తనేనట. శనివారం ఎంత రుద్దినా పోలేదట, ఆదివారం తనకూ తోటపని లేదట. ముందే చెప్పొచ్చు కదా అని ఏడ్చాను.

"తుమ్ పూజా కర్తీ థీ, బేటీ," అంది. "పూజ చేసుకునేవాళ్ళని వద్దని ఎలా అంటారు?"

కొంగు ముడి విప్పి బెరడు ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. నా బొట్టు దాని మీదే ఉంది.

ఆమె ఒక్క మాట గట్టిగా అని ఉంటే నా బరువు కొంత తగ్గేది. అనలేదు. మరుసటి వేసవికి తోటలో వేరే మనిషి ఉన్నాడు. మౌసీ ఎటు వెళ్ళిందో పిన్నికీ తెలియలేదు. ఆ ముక్క ఇప్పటికీ మా దేవుడి మందిరంలో ఉంది. కుంకుమ పెట్టను, నీళ్ళు మాత్రం చల్లుతాను. మే నెలలో, నేనింకా నీళ్ళు చల్లకముందే, కొన్ని పొద్దులు అది చల్లగా, తడిగా ఉంటుంది. ఎవరితోనూ అనలేదు. ఎవరు తుడిచి వెళ్ళారోనని చూస్తాను, అంతే.

నన్ను క్షమించిన ఆ తల్లికి నేనిచ్చుకోగలిగింది ఈ నాలుగు మాటలే. ఆమె పేరు కూడా అడిగి తెలుసుకోలేదు. ఇది చదివినవారు ఎప్పుడైనా ఒక చెట్టు మొదట్లో చెంబెడు నీళ్ళు పోస్తే, తన చెట్టు కంటే నా పూజను పెద్దగా చూసిన ఆ మౌసీని ఒక్కసారి తలుచుకోండి.